నలభై రూపాల భాష

విరూపాక్షికి మనుషుల మాటల మీద నమ్మకం పోయింది. చూడనిదాన్ని చూసినట్టే చెబుతారని. అందుకే ఆరేళ్లు కూర్చుని, అబద్ధానికి చోటులేని కొత్త భాష ఒకటి కట్టాడు. ఎంత ఓపికో మరి. ఒక్కో క్రియకు నలభై రూపాలు. కళ్లారా చూసిన పనికి ఒకటి, చెవిన పడినదానికి ఒకటి, జరగబోయేదానికి ఒకటి, జరగొచ్చు అనుకునేదానికి ఇంకొకటి. అన్నా, అక్కా అనే పిలుపులు మాత్రం అందులో లేవు. అవి ఉత్త బరువన్నాడు.

తానుండే ఆశ్రమమంతా ఆ భాషే మాట్లాడాలని తన గురువు ఈరన్న సామిని అడిగాడు. మర్నాటి నుంచి పాత మాట ఒక్కటి జారినా ఆశ్రమం విడిచి పోవాలని, వాకిలి గోడ మీద బొగ్గుతో నియమం రాశాడు.

"నేను కూడానా?" అన్నాడు సామి.

"అందరూ, సామీ."

సామి సరేనన్నాడు.

మూడోనాడు బావి పూడిక తీసే పని పడింది. విరూపాక్షి అడుగుకు దిగి బురద గంపకెత్తుతున్నాడు. పైన తోటి శిష్యుడు ఓబులేసు గిలక మీద తాడు లాగుతున్నాడు. ఓబులేసు వయసులో పెద్దవాడు. ఆ రూపాలు నోటికి పట్టక, మూడు రోజులుగా అన్నం కూడా సైగలతోనే అడుగుతున్నాడు పాపం.

నిండు గంప సగం దూరం వచ్చింది. అప్పుడు చూశాడు ఓబులేసు, తాడు పురి విడిపోతోంది. తాడు తెగడం కళ్లకు కనబడుతోంది. గంప ఇంకా పడలేదు. ఏ రూపం వాడాలి? పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. కింద విరూపాక్షి వంగే ఉన్నాడు. ఒక పురి తెగింది. రెండోదీ తెగింది.

"గోడవారకు జరగరా" అని సామి గొంతు బావిలో మోగింది.

విరూపాక్షి జరిగాడు. అతను వంగిన చోటే గంప పడి, బురద ముఖం దాకా చిందింది.

అతను మెట్లెక్కి పైకి వచ్చేసరికి, సామి జోలె భుజాన వేసుకుని, చేతికర్రతో వాకిలి దాటుతున్నాడు.

పెద్దలను బతిమాలడానికి విరూపాక్షి చక్కటి రూపం ఒకటి కూర్చి ఉంచాడు. అది నాలుక దాకా వచ్చింది. సామి వెనక్కి చూడకుండా నడుస్తున్నాడు. మలుపు దగ్గరికి చేరుకున్నాడు.

"పోవద్దు సామీ."

సామి ఆగాడు. "అయితే నువ్వూ రావాల్సిందే కదరా. జోలె తెచ్చుకో."

విరూపాక్షి జోలె కోసం వెళ్లలేదు. వాకిలి గోడ దగ్గరికి వెళ్లి, బురద చేత్తో బొగ్గు రాతను తుడిచేశాడు.

సామి తిరిగి వచ్చి కర్రను ఆ గోడకే ఆనించాడు. "పూడిక ఇంకా ఉంది" అన్నాడు.

ఓబులేసు కొత్త తాడు కట్టాడు. విరూపాక్షి మళ్లీ దిగాడు. తాడు పట్టుకుని ఓబులేసు పైన ఎదురుచూస్తున్నాడు. బావి అడుగున గంప నిండింది.

తర్వాత కిందినుంచి మెల్లగా వినబడింది.

"లాగన్నా."