కళ్ళాపి పడినంత మేర

ఒక నగరంలో ఒకటే పెద్ద రోడ్డు ఉండేది. దాని మీద పెద్ద బళ్ళూ వెళ్ళేవి, సైకిళ్ళూ వెళ్ళేవి. రోడ్డు వేయించిన రాజు పెద్ద బండిలోనే తిరిగేవాడు కాబట్టి సైకిళ్ళ సంగతి ఆయనకు తట్టలేదు. కోపమూ లేదు, పగా లేదు. తట్టలేదు, అంతే.

ఆ రోడ్డు మీద రోజూ కత్తులకు సాన పట్టే ఒకతను వెళ్ళేవాడు. అందరూ సానాయన అనేవాళ్ళు. సైకిలే అతని దుకాణం. స్టాండు వేసి తొక్కితే హ్యాండిల్ దగ్గర బిగించిన సానరాయి గిర్రున తిరిగేది. రాయి మీద చుక్క చుక్కగా నీళ్ళు పడడానికి పైన ఒక రేకు డబ్బా వేలాడేది. పొద్దున్నే ఆ డబ్బా నింపి ఇస్తూ అతని భార్య, "సాయంత్రం సందు మొదట్లోనే బెల్లు కొట్టు. అది వినేదాకా నాకు ముద్ద దిగదు" అనేది.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. రోడ్డు పక్కన వరసగా ఇళ్ళు. ఇళ్ళకీ రోడ్డుకీ మధ్య మురిక్కాలవ, దాని మీద బండలు. పెద్ద బళ్ళు పక్కకు తోస్తే సైకిళ్ళు ఆ బండల మీదుగా వెళ్ళేవి. ఒక మామ్మ ఇంటి ముందు మాత్రం రెండు బండలు విరిగిపోయి, గొయ్యి నోరు తెరుచుకుని ఉండేది. అక్కడికి వచ్చేసరికి గోతిలోకైనా పోవాలి, చక్రాల వైపైనా పోవాలి. కిందటి వానాకాలం పేపర్లు వేసే అతను చక్రాల వైపు పోయాడు. ఆ రోజు ఆ వీధిలో ఎవరింటికీ పేపరు రాలేదు.

బండలు వేయించమని మామ్మ మూడుసార్లు కబురు పంపింది. రాజుగారి బండి ఆ గోతిలో పడేది కాదు కాబట్టి కబురు ఎక్కడో ఆగిపోయింది.

సానాయన రోజూ ఊపిరి బిగబట్టి అక్కడ దాటేవాడు. దాటాక, బతికాను అనుకునేవాడు. సాయంత్రం మళ్ళీ దాటాలి కదా అని గుర్తొచ్చి మధ్యాహ్నం అన్నం సరిగ్గా తినేవాడు కాదు. చెంబుతో వాకిట్లో నిలబడి మామ్మ రోజూ ఇదంతా చూసేది.

ఒకరోజు మామ్మ ముగ్గు వాకిట్లో ఆగలేదు. కాలవ దాటి, గొయ్యి చుట్టూ తిరిగి, రోడ్డు మీద బారెడు పాకింది. ఇక్కడిదాకా సైకిలు దారి అని ఆవిడ ఉద్దేశం.

సానాయన వచ్చాడు. ముగ్గు చూశాడు. ముగ్గు తొక్కకూడదు కదా అని చటుక్కున హ్యాండిల్ తిప్పాడు. వెనకాల వస్తున్న పెద్ద బండి కీచుమని ఆగింది. అతను సైకిలుతో సహా బోర్లా పడ్డాడు.

"ఏమయ్యా, ఇంట్లో చెప్పొచ్చావా?" అని అరిచాడు బండాయన.

నిజంగా చెప్పే వచ్చాడు సానాయన.

మామ్మ పరుగున వచ్చింది. "ఓరి పిచ్చి నాయనా! నీకోసం ముగ్గేస్తే నువ్వెళ్ళి చక్రాల కింద దూరతావేం?"

"ముగ్గెలా తొక్కను మామ్మా? చిన్నప్పుడు తొక్కితే మా అమ్మ వీపు విమానం మోగించింది."

"తొక్కమని నేనే చెప్తున్నా కదరా."

"మీరు చెప్పినా కాలు ఒప్పుకోవాలి కదండీ."

మామ్మ ఇంకేదో అనబోయి ఆగింది. పెద్ద బండి ముందు చక్రం ముగ్గుకి సరిగ్గా జానెడు దూరంలో నిలబడి ఉంది. బండాయన తిడుతూనే వెనక్కి తీసి, ముగ్గు తగలకుండా చుట్టూ తిప్పుకుని పోయాడు. అతని కాలూ ఒప్పుకోలేదు.

మర్నాడు మామ్మ రెండు గీతల ముగ్గు వేసింది. ఒక గీత గోతి పక్కన, ఒక గీత రోడ్డు వైపు. రెండిటి మధ్యా సైకిలు పట్టేంత చోటు ఏ గీతా లేకుండా వదిలేసింది.

"ఈ ఖాళీ నీది. ఇందులో తొక్కడానికి ఏమీ లేదు. పో" అంది.

సానాయన పోయాడు. ఆ పొద్దు మొదటిసారి కళ్ళు పూర్తిగా తెరిచి ఆ చోటు దాటాడు. మామ్మ గుమ్మంలో గన్నేరు చెట్టు ఉందని అప్పుడే చూశాడు.

పక్కింటావిడ ఇది చూసింది. "మామ్మగారి ముగ్గు మా హద్దు దాకా వచ్చి ఆగిపోయిందేం? మా ఇంట్లో పిండి లేదనుకున్నారా?" అని తన ఇంటి మేర తనూ రెండు గీతలు లాగింది. ఆ పక్కావిడ గీతల మధ్య రంగులు కూడా వేయబోతే, "ఖాళీగా వదలవే తల్లీ, అదే అసలు ముగ్గు" అని మామ్మ ఆపింది. నెల తిరిగేసరికి రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఖాళీ కలిసిపోయింది. మధ్యాహ్నానికి గీతలు చెదిరితే సందెవేళ మళ్ళీ వేసేవాళ్ళు. పెద్ద బళ్ళవాళ్ళు సణుక్కున్నారు. కానీ పొద్దున్నే వాళ్ళూ ఇంటి ముందు ఒక ముగ్గు దాటే వచ్చేవాళ్ళు. చక్రం ఎవరూ దించలేదు.

సానాయనకు ఏమివ్వాలో తెలియలేదు. రోజూ దిగి మామ్మ కత్తిపీటకు సాన పట్టేవాడు. "చాల్రా బాబూ, కత్తి అరిగిపోయింది. ఇక మిగిలింది పీటే" అనేది మామ్మ.

అలా ఉండగా ఒకరోజు కొలతలాయన వచ్చాడు. ఆయన రాజుగారి రోడ్లు కొలిచేవాడు. చేతిలో గొలుసు, వెనక చీపుళ్ళతో ఇద్దరు మనుషులు.

"రోడ్డు రాజుగారిది. ఇవన్నీ చెరిపేయాలి" అన్నాడు.

"రోడ్డు రాజుగారిదే బాబూ, కాదన్నదెవరు? ఇది వాకిలి" అంది మామ్మ.

"వాకిలి ఎంత వరకు?"

"కళ్ళాపి పడినంత మేర."

కొలతలాయన నవ్వి, సంచీలోంచి నగరం పాత పుస్తకం తీశాడు. వెతికాడు. నవ్వు ఆగిపోయింది. గడప మీద నిలబడి చల్లిన నీళ్ళు ఎంత దూరం పడితే అంత దూరం ఆ ఇంటి వాకిలి అని అందులో నిజంగానే ఉంది.

"ఎవరు రాశారిది?" అన్నాడు విసుగ్గా.

"ఎవరో మా అత్తగారి లాంటావిడే రాసుంటుంది" అంది పక్కింటావిడ.

"సరే, చల్లండి. నీళ్ళు పడని చోట చెరిపేస్తాం."

ఇంటింటా ఆడవాళ్ళు గడపలెక్కారు. చెంబులు లేచాయి. పక్కింటావిడ విసురుకు నీళ్ళు ముగ్గు దాటి ఆగి ఉన్న బండి అద్దం మీద పడ్డాయి. ఒక్కో ఇంటి ముందూ కొలతలాయన తడి చూసి తలూపి, అక్కడో మేకు కొట్టిస్తూ వచ్చాడు. చివరికి మామ్మ ఇల్లు వచ్చింది.

మామ్మ కుడి భుజం ఎప్పుడో పడిపోయింది. చెయ్యి నడుం దాటి పైకి లేవదు. ఇన్నాళ్ళూ వంగి ముగ్గు వేసిందే గానీ విసరాల్సిన పని ఆవిడకు పడలేదు. ఎడం చేత్తో చల్లింది. నీళ్ళు కాలవకు ఇవతలే పడ్డాయి.

నగరమంతా కలిసిన ఖాళీ సరిగ్గా గొయ్యి దగ్గర తెగిపోతోంది. చీపురు మనిషి వంగాడు.

అప్పటికే కత్తిపీట కోసం వచ్చి నిలబడి ఉన్న సానాయనకు పేపర్లు వేసే అతను గుర్తొచ్చాడు. సందు మొదట్లో బెల్లు కోసం చెవి ఒగ్గి కూర్చునే భార్య గుర్తొచ్చింది. ఏం చేస్తున్నాడో తనకే తెలియకుండా సైకిలెత్తి మామ్మ గడప మీద పెట్టి, రోడ్డు వైపు తిప్పి స్టాండు వేశాడు.

"మామ్మా, చెంబు నింపండి. రాయి మీద పొయ్యండి."

తొక్కడం మొదలెట్టాడు. రాయి తిరిగింది. ఇంకా తొక్కాడు. రాయి కనపడనంత జోరుగా తిరిగింది. మామ్మ ఎడం చేత్తో చెంబు వంచింది. నీళ్ళు రాయిని తాకి ఒక్కసారిగా ఎగిరాయి. కాలవ దాటాయి, గొయ్యి దాటాయి, రెండో గీత దాటి కొలతలాయన చెప్పుల మీద పడ్డాయి.

"ఇది చల్లడం కాదు" అన్నాడాయన.

"నీళ్ళు నావి, గడప నాది. జోరు మాత్రం అతనిది. జోరు ఎవరిదై ఉండాలో మీ పుస్తకంలో ఉందా?" అంది మామ్మ.

కొలతలాయన పుస్తకం వైపు చూడలేదు. తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "తడిసింది" అని, చెప్పు ఉన్న చోటే ఒక మేకు దిగ్గొట్టించాడు. చీపుళ్ళవాళ్ళు వెళ్ళిపోయారు.

తర్వాత మేకుల వెంబడి రాజుగారే రాతి గట్టు కట్టించారు. గోతి మీద కొత్త బండలు పడ్డాయి. మామ్మ పోయింది. ఆ ఇల్లూ పోయింది. గన్నేరు చెట్టు కూడా పోయింది. సైకిళ్ళ దారి మాత్రం అక్కడికొచ్చేసరికి, లేని గోతిని తప్పుకుంటూ ఇప్పటికీ ఒక వంపు తిరుగుతుంది.

సానాయన ముసలివాడయ్యాడు. రోజూ ఆ వంపు దగ్గర ఆగి, డబ్బా వంచి నాలుగు చుక్కలు నేల మీద చల్లి గానీ ముందుకు కదిలేవాడు కాదు.

ఒక పొద్దున వెనకాల సైకిలు మీద పనికి పోతున్న అమ్మాయి బెల్లు కొట్టింది. "ఏం తాతా, డబ్బా కారుతోందా?"

"కారడం లేదమ్మా. వాకిలి ఆరిపోతోంది."

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసింది. ఇల్లూ లేదు, గడపా లేదు. ఆ తడి వంక ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

మర్నాడు సానాయన వచ్చి, సైకిలు దిగి, డబ్బా అందుకున్నాడు. వంచబోయి ఆగాడు. అక్కడ నేల అప్పటికే తడిగా ఉంది.