హరితాంకుర మహారసాయనం

పూర్వం కరిమలదుర్గం అనే చిన్న రాజ్యాన్ని ఉద్దండ భూపాలుడు ఏలుతూ ఉండేవాడు. రాజ్యం చిన్నదే కాని రాజు పెద్దవాడు. పెద్దవాడంటే వయసులో కాదు, చుట్టుకొలతలో. సింహాసనం ఎక్కించడానికి ఇద్దరు కావాలి, దింపడానికి నలుగురు కావాలి. అయినా ఆయన బిరుదుల్లో "వాయువేగ" అన్నది కూడా ఉండేది.

ఆయనకి పెద్ద పెద్ద మాటలంటే తగని మోజు. వంటవాడు "పెసరపప్పు" అంటే విస్తరి తోసేస్తాడు. అదే పప్పుని "ముద్గ సూపం" అంటే మారు వడ్డించమంటాడు.

ఒక ఏడు ఓడలమీద వచ్చిన వర్తకులు ఆయనకి ఏడాది వయసున్న గుర్రప్పిల్లను కానుకగా ఇచ్చారు. కాటుకలాంటి ఒళ్ళు, నుదుట తెల్లచుక్క. రాజు దానికి "దిగ్విజయ తురంగ మార్తాండం" అని పేరు పెట్టాడు. అశ్వశాలలో గుర్రాల్ని సాకే సాహిణి దేచన్న మాత్రం "చిన్నాడా" అని పిలిచేవాడు. ముప్పై ఏళ్ళుగా గుర్రాల మధ్య బతికినవాడు. గుర్రప్పిల్ల కూడా ఆ పిలుపుకే చెవులు నిక్కించేది.

"వచ్చే దసరాకి దీనిమీదే ఊరేగుతాం" అని రాజు చాటింపు వేయించాడు.

దేచన్న గబగబా ముందుకొచ్చాడు. "ప్రభూ, ఇది పసిది. ఎముక ముదరలేదు. ఇంకో మూడేళ్ళు ఆగాలి" అన్నాడు.

రాజు తన పక్కనున్న ఉమాకాంత భట్టు వైపు చూశాడు. భట్టు ఆస్థాన అశ్వశాస్త్ర పండితుడు. గుర్రాల మీద నాలుగు వేల శ్లోకాలు నోటికి వచ్చు. గుర్రం తుమ్మితే మాత్రం నాలుగు వీధుల అవతల తేలతాడు.

"పోషణ పెంచితే వయసు దానంతట అదే పరిగెత్తుకొస్తుంది మహాప్రభూ!" అన్నాడు భట్టు.

మర్నాటి నుంచీ చిన్నాడికి రాజభోగం మొదలైంది. పూటకి కుంచెడు ఉలవగుగ్గిళ్ళు, నానబెట్టిన మినుములు, అచ్చుబెల్లం, సోలెడు నెయ్యి, దోసెడు బాదంపప్పు, పైన ముత్యాల భస్మం. తిన్న బలం వృథా పోకూడదని రోజంతా కట్టుగొయ్యకే కట్టేశారు. గడ్డి మాత్రం అశ్వశాల గడప తొక్కకూడదని రాజాజ్ఞ. "గడ్డి గాడిదల తిండి" అన్నాడు రాజు.

నాలుగు నెలలు గడిచాయి. చిన్నాడు చూడవచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకునేంత ఎదిగాడు. ఒళ్ళు ఎదిగినంత జోరుగా కాళ్ళు ఎదగలేదు. మోకాళ్ళూ, గిట్టల పైనున్న కీళ్ళూ వెలక్కాయల్లా వాచాయి. పొద్దున్నే లేవడానికి మూడుసార్లు ప్రయత్నించి నాలుగోసారి లేచేవాడు. ఒకనాడు అదీ మానేశాడు. దేచన్న పక్కన చతికిలబడి వాపు మీద అరచెయ్యి వేశాడు. కాలుతోంది. చిన్నాడు మూలగలేదు, తల తెచ్చి ఆయన భుజం మీద పెట్టాడు. ముప్పై ఏళ్ళలో ఎన్నో గుర్రాలను చూసిన ఆ మనిషి కళ్ళు తుడుచుకుని నేరుగా కొలువుకి నడిచాడు.

"ప్రభూ, పిల్లది కూలబడింది. గింజలు తగ్గించి గడ్డి వేయనివ్వండి. రోజూ కాసేపు నడిపించనివ్వండి."

"బలహీనత!" అని ఉరిమాడు భట్టు. "నెయ్యి రెట్టింపు చేయాలి. ముత్యాలు చాలడం లేదు, పగడాలు కూడా కలపాలి."

"కూలిపోతున్న ఇంటి మీద మేడ కడతామంటారా స్వామీ?" అన్నాడు దేచన్న.

రాజుకి కోపం వచ్చింది. "నా తురంగ మార్తాండానికి గడ్డి వేస్తావా? దసరా లోపు అది నిలబడి తీరాలి. లేకపోతే దాన్ని వేటకుక్కలకి వేయిస్తాను, నిన్ను గాడిద మీద ఊరేగించి పొలిమేర దాటిస్తాను. పో!"

దేచన్న దణ్ణం పెట్టి వచ్చేశాడు. చిన్నాడి పక్కన కూర్చుని సాయంత్రం దాకా ఆలోచించాడు. రాజుని గడ్డికి ఒప్పించడం బ్రహ్మతరం కూడా కాదు. మరి రాజు ఒప్పుకునేదేమిటి?

మర్నాడు నుదుట ఇంత విభూతి పెట్టుకుని కొలువులో నిలబడ్డాడు. "ప్రభూ, నాది బుద్ధి తక్కువ. గడ్డి మాట ఇక ఎత్తను. పిల్లదానికి హరితాంకుర మహారసాయనం ఇప్పించండి."

రాజు ముందుకు వంగాడు. ఆయన అలా వంగడం చాలా అరుదు. "ఏమిటేమిటి? మళ్ళీ చెప్పు."

"హరితాంకుర మహారసాయనం."

"అది అరుదైనదా?"

"తమ అశ్వశాలలో నాలుగు నెలలుగా ఒక్క పోచ కూడా దొరకలేదు ప్రభూ."

"ఎలా సేకరిస్తారు?"

"మంచు ఆరకముందే, చేత అర్ధచంద్రాయుధం పట్టి, భూదేవికి వంగి వంగి కొయ్యాలి. దాంతోపాటు సముద్రసార గుళిక నాకించాలి, శ్వేతశిలా తీర్థం కొద్దిగా తాగించాలి. రోజూ మందగమన యోగం చేయించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ధాన్యమౌన వ్రతం."

ఒక్కొక్క పేరుకీ రాజు కళ్ళు విప్పారాయి. "భట్టూ, ఇది శాస్త్రంలో ఉన్నదేనా?"

లేదంటే తనకి తెలియదని ఒప్పుకున్నట్టు. భట్టు గొంతు సవరించుకున్నాడు. "ఎందుకు లేదు? పదిహేడో అధ్యాయంలో ఉంది. నేనే చెబుదామనుకుంటున్నాను."

ఆనాటి నుంచీ పల్లె ఆడవాళ్ళు కొడవళ్ళతో గరిక కోసి, పట్టుగుడ్డ కప్పిన బుట్టల్లో తెచ్చేవారు. ద్వారపాలకులు ఆ బుట్టలకి నమస్కారం చేసి దారి ఇచ్చేవారు. దేచన్న నెయ్యి, బెల్లం, బాదంపప్పు పూర్తిగా ఆపేశాడు. ఉలవలు గుప్పెడికి దించాడు. నాకడానికి ఉప్పుగడ్డ వేలాడగట్టాడు. లేత ఎముకకి సత్తువనిచ్చే సున్నపుతేట కాస్త కుడితిలో కలిపాడు. లేవగలిగాక కట్టు విప్పి ఏటి ఇసుకలో మెల్లగా నడిపించాడు. చిన్నాడు గడ్డి నమిలే చప్పుడు వింటుంటే దేచన్నకి సన్నాయి మేళం విన్నట్టుండేది.

ఇరవై రోజులకి కీళ్ళలో వేడి తగ్గింది. కుంటు కూడా తగ్గింది. అది చూడ్డానికి పల్లకిలో వచ్చిన రాజు ఆశ్చర్యపోయి, దేచన్నని పక్కకి పిలిచాడు.

"దేచన్నా, మా మోకాళ్ళు కూడా కొంతకాలంగా… అదే, రాత్రిళ్ళు సలుపుతున్నాయి. ఆ రసాయనం మాకూ కాస్త పెట్టు."

దేచన్న పెదవి కొరుక్కున్నాడు. "అది నాలుగు కాళ్ళవారికే ప్రభూ. రెండు కాళ్ళవారు తింటే లోకంలో పరువు దక్కదు. కాని యోగం, వ్రతం తమరూ చేయవచ్చు."

అలా రాజుగారి పళ్ళెంలో నేతి అన్నం, అరిసెలు మాయమై జొన్నంబలి, మజ్జిగ వచ్చాయి. వాటికీ దేచన్న నోరు తిరగని పేర్లు పెట్టాడు, రాజు కిక్కురుమనకుండా తాగాడు. రోజూ పొద్దున చిన్నాడి పగ్గం పట్టుకుని ఏటి ఒడ్డున నడిచాడు. మొదట పది అడుగులకే ఆయాసపడ్డాడు. నలభై రోజులు నిండేసరికి ఎవరి చెయ్యీ పట్టకుండా సింహాసనం ఎక్కాడు, తనే దిగాడు.

ఈ సంగతి పొరుగు రాజ్యానికి పాకింది. అక్కడి గుర్రప్పిల్లలకీ ఇదే జబ్బు. ఔషధం అడగడానికి వాళ్ళ రాయబారి వచ్చాడు. కొలువు నిండిపోయింది. రాజు మీసం దువ్వి, "భట్టూ, మన మహారసాయనం గురించి వినిపించు" అన్నాడు.

భట్టు శాలువా సర్దుకున్నాడు. "అది హిమాలయాల ఉత్తరపు వాలున పన్నెండేళ్ళకోసారి మొలుస్తుంది. సిద్ధులకి తప్ప కనబడదు. దాన్ని గుర్తుపట్టగలవాడు ఈ దేశంలో నేనొక్కణ్ణే."

"మేమూ ఒకసారి కళ్ళారా చూస్తాం" అన్నాడు రాయబారి.

రాజు సైగ చేశాడు. దేచన్న బుట్ట తెచ్చి రాయబారి ముందు పెట్టి పట్టుగుడ్డ తీశాడు. రాయబారి చేత్తో తీసి చూశాడు, వాసన చూశాడు, రాజు మొహం చూశాడు.

"మహారాజా, ఇది… గరిక కదూ?"

భట్టు తడుముకోకుండా, "చూడ్డానికి గరికలా ఉంటుంది, అదే దాని మహిమ! పామరులకి తేడా తెలియదు" అన్నాడు.

"తమ ఆవుకీ తెలియలేదు స్వామీ" అన్నాడు దేచన్న. "ఇందాక మీ పెరటి గోడ పక్కనుంచి వస్తుంటే తల చాచి సగం బుట్ట హిమాలయాలు మేసేసింది."

రాయబారి నవ్వు ఆపుకోలేక ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రాజు మొహం కందిపోయింది. లేచి నిలబడ్డాడు, ఎవరూ పట్టకుండానే.

"దేచన్నా! గడ్డి గడప తొక్కకూడదన్నాను. నా ఆజ్ఞ మీరి, నన్నే మోసం చేస్తావా?"

దేచన్న మోకరిల్లాడు. "గడ్డి అన్న పేరుతో ఒక్క పోచ కూడా గడప తొక్కలేదు ప్రభూ. నేను చెప్పినదాంట్లో అబద్ధమూ లేదు. మంచులో కోశాం, వంగి కోశాం. కొడవలి అర్ధచంద్రంలాగే ఉంటుంది. ఉప్పు సముద్రంలోంచే వస్తుంది. సున్నపురాయి తెల్లగానే ఉంటుంది. అయితే గుర్రం నోటితో తింటుంది, కొలువులో ఉన్నవాళ్ళం చెవులతో తింటాం. అందుకని చిన్నాడికి గడ్డి వేసి, తమకి పేర్లు వడ్డించాను. ఇద్దరికీ మోకాళ్ళు బాగుపడ్డాయి. తప్పయితే తల తీయించండి. పిల్లదాన్ని మాత్రం కుక్కలకి వేయకండి."

రాజు తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. ఒకటి వంచాడు, చాచాడు. రెండోదీ వంచాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకి తలపాగా జారి రాయబారి ఒళ్ళో పడింది.

"మా చెవులు నిజంగానే బాగా బలిశాయి దేచన్నా!" అంటూ తన చేతి బంగారు కడియం తీసి ఆయన చేతికి తొడిగాడు. "ఇకనుంచి అశ్వశాలలో దాణా విషయం నీ మాటే చెల్లుతుంది. భట్టు ఆర్నెల్లపాటు నీ దగ్గర గరిక కొయ్యడం నేర్చుకుంటాడు. ఇంకేం కావాలో కోరుకో."

"మూడేళ్ళ దాకా చిన్నాడి వీపు మీద ఎవరూ ఎక్కకూడదు ప్రభూ."

రాజు నవ్వు ఆగింది. "ఊరంతా చాటించాం కదయ్యా. మరి దసరా ఊరేగింపో?"

"తమరు నడిచి రండి. దారి తమకీ చిన్నాడికీ అలవాటేగా."

రాజు తలపాగా పెట్టుకుంటూ కాసేపు తటపటాయించి, చివరికి సరేనన్నాడు.

దసరానాడు మేళతాళాలతో ఊరేగింపు బయల్దేరింది. ఏనుగులు, పల్లకీలు, సేనలు సాగిపోయాయి. వాటి మధ్య చిన్నాడు పూలదండ వేసుకుని తలెగరేస్తూ తిన్నగా నడిచాడు. వాడి పగ్గం పట్టుకుని ఉద్దండ భూపాలుడు మట్టి మీద నడిచాడు. జనం మొదట నోరెళ్ళబెట్టారు, తర్వాత జేజేలు పలికారు. వీధి మలుపులో అరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మ మనవరాలి భుజం తట్టి గట్టిగానే అంది:

"ఏమిటే, మన రాజుగారికి కాళ్ళు కూడా ఉన్నాయా! ఇన్నేళ్ళూ నాతో ఎవరూ చెప్పలేదేమే!"

ఆ మాట విని అందరికన్నా పెద్దగా నవ్వింది రాజే.