ఏడు కండెల దారి

అనగా అనగా ఒక పెద్ద రాజ్యం. ఎంత పెద్దదంటే, ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే ఆరు నెలలు. ఆ రాజ్యానికి ధరణిసేనుడని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు స్థిరసేనుడు, నడిమివాడు గుణసేనుడు, చిన్నవాడు తరళుడు.

ఆ రాజ్యంలో ఏడు నేలలు ఉండేవి. తలాపున మంచుకొండలు. వాటి కింద ఇసుక నేల, అక్కడ గొర్రెల మందలు. దాని కింద నల్లరేగడి, అక్కడ పత్తి. నల్లరేగడి దాటితే అడవి. అడవి దాటితే ఎర్రకొండలు, తవ్వినకొద్దీ ఇనుము. కొండ దిగితే వరిచేలు. వరిచేలు అయిపోయిన చోట సముద్రం, ఒడ్డున ఉప్పు మడులు. రాజుగారి కోట మంచుకొండల పాదాన ఉండేది.

రాజుకు ఒక కోరిక. తన రాజ్యమంతా కళ్లారా చూసుకోవాలని. చూడాలంటే లేవాలి, లేవాలంటే బద్ధకం. అది కనిపెట్టి కండెలప్ప అనే మాంత్రికుడు వచ్చాడు. వాడి భుజం మీద ఒక చిలక.

"తమరు లేవనక్కర్లేదు మహారాజా. కూర్చున్న చోటే చూపిస్తాను" అని ఒక బట్ట పటం పరిచాడు. పటంలో ఏళ్లు పారుతున్నాయి. పత్తికాయలు విచ్చుకుంటున్నాయి. చీమలంత మనుషులు చీమలంత బండ్లు తోలుకుపోతున్నారు. రాజు కన్ను తిప్పలేకపోయాడు.

"దీనికి ఏమివ్వమంటావు?"

"పొలాలు వద్దు, గనులు వద్దు. దారులు ఇప్పించండి చాలు."

రాజు కడుపుబ్బ నవ్వాడు. "దారిలో గడ్డి కూడా మొలవదు కదయ్యా. తీసుకో, తీసుకో."

కండెలప్ప చిటికెన వేలితో పటంలో దారి కొస పట్టి లాగాడు. దారం లాగా వచ్చింది. సాలెవాళ్లు నూలు చుట్టినట్టు కండెకు చుట్టాడు. మనుషుల దారులు చుట్టాడు, మందల దారులు చుట్టాడు, నీళ్ల దారులు కూడా చుట్టాడు. నేలకొక కండె, ఏడు నేలలకు ఏడు కండెలు. సంచిలో వేసుకున్నాడు. దారులన్నీ తన చేతిలో ఉంటే ఎవరికేం కావాలన్నా తన కాళ్ల దగ్గరికే రావాలని వాడి ఎత్తు. తనకోసం మాత్రం సన్నటి బాట ఒకటి ఉంచుకుని దాని మీద వెళ్లిపోయాడు.

భోజనం వేళయింది, రాజు లేవబోయాడు. కాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. సింహాసనం నుంచి పీట దాకా కూడా దారే కదర్రా. అది పోయింది. చూస్తూ ఉండగానే ఆయన కాలి వేళ్లు రాయిగా మారాయి. రాజవైద్యుడు తట్టి చూసి తల దించుకున్నాడు. "రోజుకు కాస్త చొప్పున పైకి పాకుతోంది. ఏడో నెల నిండేసరికి గుండెకు చేరుతుంది."

కండెలప్పను పట్టి తెస్తానని స్థిరసేనుడు గుర్రమెక్కి, రాజబాట జాడన బయలుదేరాడు. పొద్దంతా స్వారీ చేసి, సాయంత్రానికి తమ కోట గుమ్మం ముందే దిగాడు. గుణసేనుడు పల్లకీ ఎక్కి బయలుదేరాడు. సాయంత్రానికి అతనూ అదే గుమ్మం ముందు దిగాడు.

ఇక తరళుడు. వాడు పసివాడప్పటి నుంచీ దారిన నడిచినవాడు కాడు. చేలకడ్డం పడేవాడు, గోడలు దూకేవాడు, ముళ్లల్లో దూరేవాడు. ఒక్కచోట నిలబడితే వాడి అరికాళ్లు జిలపెట్టేవి.

"నువ్వూ తిరిగొస్తావు నాయనా. ఉన్న నాలుగు రోజులు నా పక్కన కూర్చో" అన్నాడు రాజు.

"కూర్చుంటే నాకు ఊపిరాడదు నాన్నగారూ" అని తరళుడు గోడ దూకాడు.

దారులు చుట్టిన మాయ దారిన పోయేవాడినే పట్టుకుంటుంది. అడ్డంగా పోయేవాడిని ఎలా పడుతుంది? వాడు మంచులో మోకాలి లోతున పడుతూ లేస్తూ పోయాడు. అక్కడ ఒక ముసలి ఎద్దు ఒంటరిగా నాచు గీరుకుంటోంది. ఒళ్లంతా నలుపు, దాని పేరు కాటుక. ఏళ్ల తరబడి సముద్రం నుంచి కొండకు ఉప్పు మోసిన ఎద్దు.

"ఎక్కడికి బాబూ, అంత తొందర?" అంది కాటుక.

"కండెలప్ప కోసం. నీకు దారి తెలుసా?"

"దారి తెలియదు, రుచి తెలుసు. ఏ నేలనైనా నాలుకతో నాకి చెబుతాను. ఇంకో మాట కూడా తెలుసు. వాడి ప్రాణం ఆ చిలకలో ఉంది. ఆ చిలక రోజూ ఉప్పు నాకకపోతే బతకదు. ఉప్పు కోసం వాడు సముద్రానికి రావలసిందే. నాకూ ఇక్కడ ఉప్పులేక నోరు చచ్చిపోయింది, పద."

ఇద్దరూ నడిచారు. ఏడు సముద్రాలు దాటిన రాకుమారుల కథలు మీరు వినే ఉంటారు. మన తరళుడు దాటింది ఏడు నేలలు.

మంచుకొండల్లో నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. "మంచు పగలగొట్టి ఏటిని కిందికి వదలాలి. ఉప్పులేని తిండి తిని గునపం ఎత్తే ఓపిక లేదు" అన్నారు అక్కడివాళ్లు. ఇసుక నేలలో గొర్రెలు నీళ్లు లేక నాలుకలు వేలాడేశాయి. నల్లరేగడిలో రైతులు దిక్కులు చూస్తున్నారు. ఏటా గొర్రెల మందలు వచ్చి చేలో పడుకునేవి, చేనికి సత్తువ వచ్చేది. ఈసారి మంద రాలేదు, పత్తి గిడసబారింది. అడవివాళ్లకు తేనె ఉంది, కట్టె ఉంది, ఒంటి మీద బట్ట లేదు. గుడిసెల్లోంచి బయటకు రావడం లేదు. ఎర్రకొండల్లో ఇనపరాయి గుట్టలుగా పడి ఉంది, కరిగించే బొగ్గు లేదు. వరిచేలల్లో వెన్నులు బరువెక్కి వంగిపోయాయి, కోసే కొడవళ్లు అరిగిపోయాయి.

"ఇదేమిటి కాటుకా, ఉన్నది కుప్పలుగా ఉంది, లేనిది లేనే లేదు" అనేవాడు తరళుడు ప్రతిచోటా. ఒక ముద్ద తిని మళ్లీ లేచేవాడు. రాయి నాన్న మోకాళ్ల దాకా వచ్చి ఉంటుంది. నడుం దాకా వచ్చి ఉంటుంది. ఆ ఆలోచన వాడిని తరిమేది.

ఆరో నెల చివర కాటుక నేల నాకి కళ్లు మూసుకుంది. "వచ్చేశాం బాబూ."

ఉప్పు మడుల మీద ఎండ మెరుస్తోంది. ఒక పిల్ల చీర ఎగ్గట్టి, పొడుగాటి చెక్కతో మడి సర్దుతోంది. ఆ పిల్ల నాంచారి.

"మడిలో కాలు పెట్టకయ్యా. ఎవరు నువ్వు? ఒక కాలు మార్చి ఒక కాలు, కొంగలాగా నిలబడ్డావు."

"రాకుమారుణ్ణి."

"అయితే ఈ చెక్క పట్టు. రాకుమారులకు చేతులుంటాయో లేదో చూద్దాం."

వాడు చెక్క పట్టి, ఉన్న సంగతంతా చెప్పాడు. నాంచారి చెక్క కొసన గడ్డం ఆనించి విన్నది. "వాడు రోజూ వచ్చి మా కుప్పలోంచి చిటికెడు పట్టుకెళ్లేవాడు. ఇప్పుడు కుప్పే లేదు. పైనేలల నుంచి తాటాకు రాలేదు. కుప్పకు కప్పు వేయలేదు. మొన్నటి వానకు ఉప్పంతా కరిగి, వచ్చిన చోటికే పోయింది."

ఆ మాట నోట్లో ఉండగానే కండెలప్ప వచ్చాడు. భుజం మీద చిలక మెడ వాల్చేసింది. దాని ఈక రాలినప్పుడల్లా వాడు దగ్గుతున్నాడు.

తరళుడు చెక్క పారేసి చిలక మీదికి దూకబోయాడు. నాంచారి వాడి పైబట్ట పట్టి వెనక్కి లాగింది. "ఆగవయ్యా. చుట్టినవాడు చస్తే చిక్కు ఎవరు విప్పుతారు?" అంది చెవిలో. ఆరు నెలలు నిలవని కాలు అప్పుడు నిలబడింది.

"పిడికెడు ఉప్పు పెట్టమ్మా" అన్నాడు మాంత్రికుడు.

"నువ్వు మాంత్రికుడివి కదా, పుట్టించుకో."

పుట్టించాడు. చిలక నాకి ఉమ్మేసింది. "చప్పన" అంది. మాయ ఉప్పుకు ఉప్పదనం ఎక్కడిది?

"మరి నువ్వే పండించు" అన్నాడు మాంత్రికుడు.

"మూడు రోజులై మెతుకు లేదు. వరిచేల దారి విప్పు, తిని పండిస్తాను."

కండెలప్ప గొణుక్కుంటూ ఒక కండె విప్పి, దారిని కొస పట్టి విదిలించాడు. వాడు విదిలిస్తే నెల దారి గడియ దారి అవుతుంది. ఆ దారిన ఒక రైతు వట్టి చేతులతో వచ్చాడు. "పంట చేలోనే ఉంది బాబూ. కొడవలేది?"

"కొడవలి ఎర్రకొండలది" అన్నాడు తరళుడు. వాడు ఆ నేలన్నీ నడిచి వచ్చినవాడు కదా.

రెండో కండె విప్పాడు. కొండ కమ్మరి వచ్చాడు. "రాయి ఉంది. బొగ్గేది?"

"బొగ్గు అడవిది."

మూడో కండె విప్పాడు. చెట్టు చాటు నుంచి ఒక గొంతు వినిపించింది. "కట్టె కాలుస్తాం గాని, ఇటు చూడకండి. బట్టేది?"

"బట్ట నల్లరేగడిది."

నాలుగో కండె. "పత్తి గిడసబారింది. గొర్రెల మంద ఏది?"

"మంద ఇసుక నేలది."

ఐదో కండె. "గొర్రెలు కదలవు. నీళ్లేవి?"

"నీళ్లు మంచుకొండలవి."

"ఇంకెంత దూరమయ్యా ఇది" అని కండెలప్ప చెమట తుడుచుకున్నాడు. చిలక తోక రాలిపోయింది. గబగబా ఆరో కండె విప్పాడు. మంచుకొండ మనిషి కర్ర పట్టుకుని వచ్చాడు. "మంచు పగలగొడతాం. ఓపిక లేదు. ఉప్పేది?"

కండెలప్పకు ఏడుపొచ్చింది. "ఉప్పుంటే నాకే చాలును కదరా."

అప్పుడు నాంచారి కొంగు ముడి విప్పింది. లోపల పిడికెడు ఉప్పు. ఉప్పు పండించేవాళ్లు కొత్త మడిలో చల్లడానికి పాత ఉప్పు ఇంత దాచుకుంటారు. ఇల్లు మునిగినా దాన్ని తినరు, ఒకరికి పెట్టరు. కండెలప్ప చెయ్యి చాపాడు. ఆ పిల్ల పిడికిలి మూసింది.

"ఇది నీ చిలకకు పెడితే ఒక పూట. కొండకు పంపితే నీళ్లొస్తాయి, మంద కదులుతుంది, పత్తి విచ్చుతుంది, బట్ట వస్తుంది, బొగ్గు కాలుతుంది, కొడవలి సాగుతుంది, బువ్వ ఉడుకుతుంది, ఉప్పు పండుతుంది. మా నేల దారి కూడా విప్పు. ఇది కొండకు పోతుంది."

కండెలప్ప పళ్లు కొరుకుతూ ఏడో కండె విప్పాడు. కాటుక ఉప్పు మూట మెడకు కట్టుకుని పరుగు తీసింది. ఏడు దారులనూ వాడే విదిలించాడు. నీళ్లొచ్చాయి, మంద వచ్చింది, పత్తి వచ్చింది, బట్ట వచ్చింది, బొగ్గు వచ్చింది, కొడవలి వచ్చింది, వరి వచ్చింది. నాంచారి కడుపునిండా తిని మడి కట్టింది. తెల్లటి ఉప్పు పలుకు తేలింది.

చిలక ఉప్పు నాకింది. ఒళ్లు విదుల్చుకుంది. ఎదురుగా ఏడు దారులు తెరుచుకుని ఉన్నాయి. రివ్వున లేచి పోయింది. ప్రాణం పోతుంటే మనిషి ఊరుకుంటాడా? కండెలప్ప వట్టి కండెల సంచి పారేసి దాని వెంట పరుగెత్తాడు. అది ఒకనాడు పత్తిచేను మీద వాలేది, మర్నాడు మంచు మీద వాలేది. వాడు ఇంకా పరుగెడుతూనే ఉన్నాడంటారు.

నాంచారి, తరళుడు పెళ్లాడాలనుకున్నారు. మడుల పక్కనే పందిరి వేశారు. వరుడు పీట మీద కూర్చోడే.

"మళ్లీ మొదలెట్టావా" అంది నాంచారి.

"ఏడో నెల నిండింది. కాటుక ఇంకా తిరిగి రాలేదు. నాన్నగారి సంగతి తెలియకుండా ఎలా కూర్చోను?"

వాడు పందిరి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. పందిట్లో జనమంతా తెచ్చిన పళ్లేలు పట్టుకుని నిలబడే ఉన్నారు. ముహూర్తం దాటిపోయింది. రెండో ముహూర్తం కూడా దగ్గరపడింది.

అప్పుడు వరిచేల దారిన దుమ్ము లేచింది. ముందు కాటుక. దాని మూపురం మీద చెయ్యి వేసుకుని, చెప్పులరిగిపోయి, మోకాళ్ల దాకా ఏడు నేలల మట్టితో ఒక ముసలాయన వస్తున్నాడు. తరళుడు ఎదురు పరుగెత్తి ఆ కాళ్లు పట్టుకున్నాడు. రాయి జాడ లేదు, వేడిగా ఉన్నాయి.

"నడిచే వచ్చారా నాన్నగారూ?"

"పటంలో కనబడలేదురా, ఇంత ఉందని" అన్నాడు రాజు.

అందరూ పెద్దాయన కదా అని కుర్చీ తెచ్చి వేశారు. ఆయన దాన్ని పక్కకు జరిపి, నిలబడే అక్షింతలు వేశాడు.

ఆ తరువాత తరళుడూ నాంచారీ చాలాకాలం రాజ్యమేలారు. ఏడాదికొక్కసారైనా ఏడు నేలలూ తిరిగేవారు. వాళ్లు అలా వెళుతూ ఉన్నారు, ఈ కథ ఇలా మీ దగ్గరికి వచ్చింది.