నూకయ్య బాగుచేసిన పాత పైపు

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో నూకయ్య అని ఒక ముసలి వడ్రంగి ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు పడవలు చేసేవాడు. నడుం వంగిపోయాక ఆ పని మానేశాడు. కానీ చేతులు ఊరుకోవు కదా! సంతకి వెళ్ళి, పాత సామాన్లు పరిచిన గోనెపట్టా ముందు కూర్చుని, విరిగిందో అరిగిందో ఒకటి కొనుక్కొచ్చి, అరుగు మీద బాగుచేసుకునేవాడు.

ఒకనాడు అలా ఒక పైపు తెచ్చాడు. పైపంటే కుళాయి గొట్టం కాదు బంగారూ. వెనకటికి కొందరు పొగాకు కూరి కాల్చేవారే, అది. ఒక కొసన చిన్న కర్ర గిన్నె, ఇంకో కొసన నోట్లో పెట్టుకునే నల్ల గొట్టం. ఎంత మురికిగా ఉందంటే, కర్రో బొగ్గో తెలియలేదు.

నూకయ్య పెళ్ళాం పైడితల్లి ఎండుచేపలు అమ్మేది. ఆవిడ చుట్ట కాల్చేది, అదీ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని! మా వైపు ముసలమ్మలు అలాగే కాల్చేవారు. పొగాకు చెడ్డదని అప్పుడు వాళ్ళకి ఎవరు చెప్పారు? నూకయ్యకి మాత్రం ఏ అలవాటూ లేదు.

"కాల్చేది నేను. పైపు నీకేటికి మావా?" అని నవ్వింది పైడితల్లి.

"కాల్చడానికి కాదే. ఈ మసి కింద మంచి కర్ర ఉంది, చూస్తూ ఉండు," అన్నాడు నూకయ్య.

అప్పుడు మొదలుపెట్టాడు. గిన్నె లోపల రాయిలా గట్టిపడిన మసిని మొద్దు కత్తితో మెల్లగా గీకాడు. దాన్నిండా ఉప్పు పోసి, పాలిషుకి వాడే స్పిరిటు చుక్కలు చుక్కలుగా వేసి వదిలేశాడు. మర్నాటికి ఉప్పంతా డికాక్షన్ రంగుకి తిరిగింది. ఏళ్ళ నాటి వాసన దాన్లోకి దిగిపోయింది.

ఆ తర్వాత గిన్నె అంచు చూశాడు. ఒక పక్క కాలి, నల్లగా మచ్చ పడి ఉంది. దాన్ని గరుకు కాగితంతో రుద్దాడు. తేనెమైనం రాసి, పాత పంచె ముక్కతో తుడిచేసరికి, చింతగింజ రంగులో కర్ర చారలు పైకి తేలాయి. పైడితల్లి చుట్ట తీసి పక్కన పెట్టి మరీ చూసింది. "ఓలమ్మో!" అంది.

ఆ తర్వాత నల్ల గొట్టం. చీపురుపుల్లకి దూది చుట్టి లోపలంతా శుభ్రం చేశాడు. కొసన మాత్రం ఎవరివో పళ్ళు నొక్కుకున్న గుంటలున్నాయి. ఇవీ పోతే అచ్చం కొత్తదే అనుకుని ఆకురాయి తీశాడు.

అప్పుడే ఎస్తేరు అని ఒకావిడ ఎండుచేపలకి వచ్చింది. పడవలకి దారి చూపే ఆ ఊరి దీపస్తంభంలో దీపం వెలిగించే దావీదు గారు ఉండేవారు, ఆయన కూతురు. ఆయన పోయి కొన్నాళ్ళయింది.

పైపు చూడగానే ఎస్తేరు బుట్ట కింద పెట్టేసింది. "బాబాయ్, అదొకసారి ఇస్తారా? మా నాన్నదీ ఇలాగే ఉండేది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నేను ఊళ్ళో లేను. ఎవరో పాత సామాన్ల బండికి వేసేశారు."

తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. స్పిరిటు వాసన తప్ప ఇంకేం లేదు. అంచు తడిమింది.

"ఇక్కడ మచ్చ ఉండాలే. గాలికి అగ్గిపుల్ల ఆరిపోతుందని నాన్న ఎప్పుడూ ఈ పక్కనే వెలిగించేవాడు... కాదులెండి, ఇది నాన్నది కాదు," అని తిరిగి ఇవ్వబోయింది.

నూకయ్య తన చేతిలోని ఆకురాయి వంక చూసుకున్నాడు. ఊరుకుంటే పైపు తనకే మిగులుతుంది. ఆవిడ అలాగే వెళ్ళిపోతుంది. చెప్పాలంటేనేమో, మచ్చ పోగొట్టింది తనే.

చివరికి చెప్పాడు. "మచ్చ ఉండేది తల్లీ. నేనే అరగదీసేశాను. వాసనా నేనే పోగొట్టాను. ఇదొక్కటీ మిగిలింది, చూడు," అని గొట్టం కొస ఆవిడ వైపు తిప్పాడు.

ఎస్తేరు ఆ గుంటల మీద వేలు పెట్టింది. మధ్యలో ఒక చోట గుంట లేదు. "మా నాన్నకి ముందు పన్ను ఊడిపోయింది," అంది. నవ్వింది, ఏడ్చింది, రెండూ కలిసే వచ్చాయి.

నూకయ్య ఆకురాయిని మెల్లగా పంచె కింద దాచేసుకున్నాడు.

"తీసుకెళ్ళమ్మా, అది మీ ఇంటిదే," అన్నాడు. చేపల కంపు అంటుకుంటుందని పైడితల్లి తన ఉతికిన రవిక గుడ్డలో చుట్టి ఇచ్చింది. కానీ ఎస్తేరు వెంటనే లేవలేదు. పొద్దువాలేదాకా అరుగు మీద కూర్చుని వాళ్ళ నాన్న కబుర్లు చెప్పింది. ఇద్దరూ వింటూ కూర్చున్నారు.

ఆ తర్వాత సంతలో నూకయ్య ఒక ఇత్తడి చెంబు కొన్నాడు. "ఇది ఎవరింట్లోదమ్మా?" అని అడిగాడు. అమ్మే ఆవిడకి తెలియదు. ఇంటికొచ్చి చింతపండుతో తళతళా తోమాడు, పక్కనున్న సొట్ట మాత్రం ముట్టుకోలేదు.

"అది తియ్యవేటి మావా?" అంది పైడితల్లి.

"ఉండనీవే," అన్నాడు నూకయ్య. "ఎవరైనా వస్తారేమో."

కథ నడిచె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
మనమేమో మెల్లగా
నిద్రమ్మ ఇంటికి.