మూడు నోళ్ళ చట్టం

ఫోనులోకి వచ్చిన మాటను వచ్చినట్టే పదిమందికి పంపేసి, ఊరికి మేలు చేశాననుకుని హాయిగా నిద్రపోతావే, అబ్బాయీ, నిన్నే అడుగుతున్నాను. అది నీ కంటితో చూశావా? చూడలేదు. చూసినవాళ్ళెవరో కనుక్కున్నావా? అదీ లేదు. మరి ఏ మొహం పెట్టుకుని పంపావు? ఇలా కూర్చో. ఈ కథ నీకే.

వెనకటికి రణభీముడనే రాజు ఏలిన సీమలో ఒక చట్టం ఉండేది. ఒకే మాట ముగ్గురి నోట వినబడితే అది నిజం, ఇక విచారణ అక్కర్లేదు. అది తన తెలివి వల్లే పుట్టిందని రాజుకు మహా గర్వం.

ఆ ఊళ్ళో ఓబమ్మ అనే మంత్రసాని ఉండేది. జ్వరమొస్తే జనం ఆస్థాన వైద్యుడు కేశవాచార్యుల దగ్గరికి వెళ్ళేవారు కాదు, ఓబమ్మ కషాయమే తాగేవారు. ఆచార్యులకు కడుపుమండింది. "ఓబమ్మ కషాయంలో విషం కలుపుతోందట" అని ఒక మాట వదిలాడు. కుర్రకారు దాన్ని వీధివీధికీ మోశారు. ఓబమ్మ చేతుల్లో పుట్టినవాళ్ళే ఆమె గుడిసెకు నిప్పు పెట్టారు. సిగ్గులేని పని.

ముగ్గురు యువకులు సభలో అదే మాట సాక్ష్యంగా చెప్పారు.

"మూడు నోళ్ళయ్యాయి. రేపు సాయంత్రం ఈమెకు ఉరి" అన్నాడు రాజు.

విదూషకుడు పేరయ లేచాడు. "ప్రభూ, ఈ చట్టం అందరికీ ఒకటేనా?"

"నాకైనా ఒకటే."

"ఆ మాట చాలు ప్రభూ."

మర్నాడు ఉదయం రాజు కొలువుకొచ్చేసరికి సింహాసనం ముందు పాడె కట్టి ఉంది.

"ఎవరు పోయారు?"

"తమరే" అన్నాడు పేరయ. "తమరు కాలంచేశారని సేనాపతిగారన్నారు, పురోహితులవారన్నారు, కోశాధికారిగారన్నారు. మూడు నోళ్ళు."

"ఓరి మూర్ఖుడా, నీ ఎదుట నిలబడి మాట్లాడుతున్నానురా."

"తమరిది ఒక్క నోరు ప్రభూ, చట్టం ముందు చెల్లదు. దయచేసి పడుకోండి. ఎండెక్కితే మోసేవాళ్ళకు కాళ్ళు కాలతాయి."

రాజు మండిపడి ఆ ముగ్గురినీ నిలదీశాడు. ఒక్కరైనా అంతఃపురం దాకా వచ్చి చూడలేదు. ముగ్గురికీ చెప్పింది పేరయే.

"ఇవి మూడు నోళ్ళెలా అవుతాయిరా? ఉన్నది నీ ఒక్క నోరే."

"ఈ ప్రశ్న నిన్న అడగలేదేం ప్రభూ?"

రాజు ఆ యువకులను పిలిపించాడు. ముగ్గురికీ చెప్పింది ఆచార్యులవారేనని తేలింది.

"మీరెప్పుడైనా ఆ కషాయం తాగారా?" అని అడిగాడు పేరయ.

"చిన్నప్పట్నుంచీ తాగుతున్నాం" అన్నాడొకడు, తల దించుకుని.

"మరి బతికే ఉన్నారే. మీక్కూడా పాడె కట్టించమంటారా?"

రాజు పాడె వైపు చూసి, తన మీద తానే పగలబడి నవ్వాడు. చేతి కడియం తీసి పేరయకు తొడిగాడు. చట్టం రద్దయింది. ఓబమ్మ ఇల్లు కాల్చిన చేతులే మట్టి తొక్కి కొత్త ఇల్లు కట్టాయి.

ఇక ఆచార్యులు. "నీ అబద్ధం చేరిన ప్రతి ఇంటికీ వెళ్ళి, అది అబద్ధమని నీ నోటితో చెప్పు. అది పూర్తయ్యేదాకా కొలువులో నీకు చోటు లేదు" అన్నాడు రాజు.

వారంలో అయిపోతుందనుకుని బయల్దేరాడాయన. కానీ ఆ మాట అప్పటికే బండ్లవాళ్ళతో పొలిమేర దాటింది. ఏ ఊరికి వెళ్ళినా తనకంటే ముందే చేరి ఉంది. చెబితే కొందరు నమ్మారు, కొందరు ఆయన్నే తరిమారు. అలా తిరిగి తిరిగి ముసలివాడై, పరాయిదేశపు సత్రంలో జ్వరంతో పడ్డాడు. సత్రంవాళ్ళు కషాయం కాచిద్దామనుకున్నారు. అందులో విషం కలుపుతారట అని ఎవరో అన్నారు. పొయ్యి ఆర్పేశారు. అది అబద్ధమని చెప్పడానికి ఆయనకు నోరు పెగల్లేదు. తెల్లారేసరికి పోయాడు.