వెనక్కి చూసే సీతమ్మ

మాఘ శుద్ధ ఏకాదశి, శుక్రవారం, పగలు మూడు గంటల వేళ. ఆ రోజునూ ఆ గంటనూ ఆ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉపవాసం మీదున్న హనుమక్క తోలుబొమ్మల పెట్టె మూత ఎత్తి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

ఆ పెట్టెలో బొమ్మలు సర్దడానికి ఒక వరుస ఉంది. అన్నిటికంటే పైన వినాయకుడు. రావణుడూ వాడి పరివారమూ అడుగున, మధ్యలో చాప అడ్డం. రాముడూ సీతా మాత్రం ఎప్పుడూ ఎదురెదురు ముఖాలతో. నాలుగు తరాలుగా తప్పని వరుస. ఆ రోజు సీతమ్మ రాముడికి వీపు పెట్టి పడుకుని ఉంది.

ముందు రోజు పెట్టె సర్దింది తిమ్మక్క.

తిమ్మక్క హనుమక్కకు అన్న కూతురు, శిష్యురాలు కూడా. హనుమక్క నలభై ఏళ్లు తెర వెనక నిలబడి సీతకు గొంతు ఇచ్చిన మనిషి. ఇప్పుడా గొంతు బొంగురుపోయింది. వచ్చే సోమవారం జాతరలో మొదటిసారి తిమ్మక్క పలకాలి. ఆమె పలక్కపోతే ఆ ఏడు ఆట లేనట్టే.

మూడు రోజులుగా తిమ్మక్కకు పాట రావడం లేదు. అశోకవనం దాకా బాగానే పాడుతుంది. యుద్ధం అయ్యాక రాముడు అనుమానం మాట అంటాడే, సీత ఆయన కాళ్ల దగ్గర కూలబడి పాడుతుందే, అక్కడికొచ్చేసరికి పాట ఆపేస్తుంది.

"ఏమే, వరుస మరిచిపోయినావా?" అంది హనుమక్క.

"మరవలేదత్తా. కావాలనే పెట్టినా."

హనుమక్క కోప్పడలేదు. పెట్టె పక్కనే చతికిలబడి, "చెప్పు," అంది.

ఊరి బయట డేరా టాకీసులో మంగళవారం తిమ్మక్క ఒక సినిమా చూసింది. అందులో మొగుడు అనుమానపడి ఇల్లాలిని బయటికి పంపేస్తాడు. ఏళ్లు గడిచాక తప్పు తెలుసుకుని, ఆమె గుమ్మం ముందు నిలబడి పిలుస్తాడు. ఆమె తలుపు తీయదు.

"ఆడోళ్లంతా 'తీయొద్దు, తీయొద్దు' అని ఒకటే కేకలత్తా. ఎర్రమ్మవ్వ అయితే లేచి నిలబడి, 'తీసినావంటే నీ జుట్టు పీకుతా మే' అని తెర మీదికే పోయింది."

హనుమక్క నవ్వింది. "ఎర్రమ్మా? పోయినేడు మన ఆటలో సీతమ్మ అగ్గిలో దూకుతాంటే కొంగు తడిసేట్టు ఏడ్చింది ఆయమ్మే గదా?"

"అదేనత్తా నేననేది. ఏడ్చిన అవ్వే కేకలేసింది. కాలం మారిపోయింది. మన సీతమ్మ ఒక్కతే ఇంకా కాళ్లు పట్టుకుంటానే ఉంది." తిమ్మక్క పెట్టెలోని సీతమ్మ వైపు చూసింది. "ఆ పాట పాడితే నేను అబద్ధం పాడినట్టుంటాది."

ఆమె చెప్పని మాట ఇంకొకటుంది. అది అత్తకు తెలుసు. రెండేళ్ల కిందట తిమ్మక్క మొగుడు అనరాని మాట అని, ఆమెను పుట్టింట దింపి వెళ్లిపోయాడు. ప్రతి శనివారం సంత బస్సు హారన్ వినబడగానే తిమ్మక్క బిందె చంకనేసుకుని వీధి మలుపు దాకా పోతుంది. దిగినవాళ్లందరినీ చూసి, ఖాళీ బిందెతో తిరిగొస్తుంది. ఎవరూ ఏమీ అడగరు.

హనుమక్క లేచి తలుపు మూసింది. కిటికీకి తెల్ల పంచె కట్టింది. ఎండకు పంచె వెలిగింది. పెట్టెలోంచి ఒక పాత సీతను తీసి ఆ వెలుగుకు అడ్డం పట్టుకుంది.

"ఇది మా అవ్వ చెక్కింది. ఏటిలో వదలకుండా అచ్చు కోసం దాచినాం."

బొమ్మ కంటిపాప కింది రెప్పకు ఆనుకుని ఉంది. నేలనే చూస్తోంది.

దాన్ని పక్కన పెట్టి, రోజూ ఆటలో ఆడే సీతను పట్టుకుంది. "ఇది నేను చెక్కింది."

తిమ్మక్క చిన్నప్పటినుంచి చూస్తున్న బొమ్మే. ఆ రోజే చూసినట్టయింది.

"వెనక్కి చూస్తాంది!"

"మీ మామ సినిమాల్లో వేషాలేస్తానని మద్రాసు రైలెక్కినాడే, ఆ ఏడు చెక్కినా. అవ్వ బొమ్మను ముందర పెట్టుకుని, దాని మాదిరే చెక్కాలనే కూర్చున్నా. చెయ్యి వినలేదు." హనుమక్క బొమ్మ అంచు నిమిరింది. "ఇరవై ఏండ్లుగా జనం దండం పెడతానే ఉండారు. సీతమ్మ ఎవరి కోసం వెనక్కి చూస్తాంది అని ఒక్కరూ అడగలేదు."

డేరాకు ఏ సినిమా వచ్చినా హనుమక్క తప్పకుండా పోయేది. వచ్చాక కథేమిటంటే చెప్పలేకపోయేది. అత్తకు సినిమా అర్థం కాదని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్లు. ఆమె చూసేది కథను కాదనీ, తెర మీద వెనక గుంపులో నిలబడే ముఖాలననీ తిమ్మక్కకు అప్పుడు తెలిసింది.

ఈ జాతరకని తయారవుతున్న కొత్త సీతను హనుమక్క తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. నగలు చెక్కడం అయింది, రంగులు పూయడం అయింది. కన్నొక్కటే మిగిలింది. కన్ను చివర తెరవాలి, అది కూడా గొంతు ఇచ్చే మనిషే తెరవాలి. వాళ్లలో ఆచారం అది.

సన్న ఉలి చేతికిచ్చింది.

"ఎట్ల చెక్కాలత్తా?"

"నాకేం తెలుసు పాపా? నేను నా కన్నే చెక్కినా."

బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. చాలాసేపు లోపల్నుంచి చప్పుడు లేదు. తర్వాత ఉలి మీద ఒక దెబ్బ వినబడింది. ఆగి, ఇంకొకటి.

పొద్దు వాలేలోగా తిమ్మక్క బొమ్మను వెలుగుకు పట్టుకుంది. ఆ కన్ను నేలను చూడలేదు, వెనక్కీ చూడలేదు. ఎదుట నిలబడ్డ మనిషిని చూసింది. హనుమక్క లోపలికి వచ్చి, ఆ చూపు ముందు కొంగు సర్దుకుంది.

తిమ్మక్క పాట ఎత్తుకుంది. తాతల నాటి పాటే, ఒక్క మాట మార్చలేదు. వేడుకుంటున్నట్టు లేదు, అడుగుతున్నట్టు ఉంది.

మర్నాడు ద్వాదశి, తెల్లవారుతూనే ఇంటివాళ్లంతా ఏటికి పోయారు. కొత్త బొమ్మ కన్ను తెరిస్తే, పాతదాన్ని నీళ్లలో వదలాలి. హనుమక్క తన సీతకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఏటిలో విడిచింది. బొమ్మ వంపు తిరిగేదాకా వాళ్ల వైపే చూస్తూ పోయింది.

అప్పుడే సంత బస్సు హారన్ వినబడింది. అందరూ తిమ్మక్క వైపు చూడబోయి, చూపు తిప్పుకున్నారు. ఆమె ఒక్కసారి బాట వైపు చూసింది. తర్వాత వంగి బిందెతో నీళ్లు ముంచుకుంది. ఆ శనివారం బిందె నిండి వచ్చింది.

ఇంటికొచ్చాక పెట్టె తనే సర్దింది. సీతమ్మను రాముడి పక్కనే పడుకోబెట్టింది. ముఖం మాత్రం పైకి ఉంచింది.

హనుమక్క చూసి, మూత వేసింది.