రెండో బురుజు దగ్గర ఆగిన వెలుతురు

సింగారదుర్గాన్ని ఏలే వీరమల్ల భూపతికి కొత్త యంత్రాలంటే వల్లమాలిన మోజు. కోట దగ్గర ఏరు పొంగితే ఆ కబురు దిగువ పల్లెలకు రెప్పపాటులో చేరిపోవాలని ఒక ఏడు ఆయనకు బుద్ధి పుట్టింది.

యంత్రాల మంత్రి చంద్రచూడామాత్యులు పని అందుకున్నారు. కోట నుంచి ఏటి దిగువనున్న రేవుపాడు దాకా గుట్టకొక బురుజు లేచింది. బురుజు మీద పెద్ద దివిటీ, దాని వెనక నిలువెత్తు అద్దం. కబురుకొక లెక్కన ఒక బురుజు మీద వెలుతురు మెరిస్తే, దాన్ని చూసి పక్క బురుజువాడూ అలాగే మెరిపించాలి. ప్రతి బురుజుకూ మేళతాళాలతో ప్రారంభోత్సవం జరిగింది. ప్రతిదానికీ మంత్రిగారే వెళ్ళి దండలు వేయించుకున్నారు.

ఆ వానాకాలం ఏరు పొంగింది. రేవుపాడు గేదెలు సగం కొట్టుకుపోయాయి. ఆ ఊరి పెద్దకాపు కోటప్ప సంతలో నలుగురి ముందూ, "బురుజులు చూడముచ్చటగా ఉన్నాయి. కబురే రాలేదు" అన్నాడు.

ఈ మాట మాత్రం ఏ బురుజూ అక్కర్లేకుండానే మర్నాటికి దర్బారుకు చేరింది.

"కబురు వెళ్ళింది ప్రభూ. వాళ్ళే నిద్రపోయారు" అన్నారు మంత్రిగారు. "ప్రభువుల పథకాన్ని సంతలో నిందించినవాణ్ణి ఊరికే వదిలితే రేపు అందరూ మొదలుపెడతారు."

రాజుగారి ముఖం ఎర్రబడింది. కోటప్పకు కొరడా దెబ్బలు రాసి ఉన్నట్టే కనిపించింది.

అప్పుడు బయ్యన లేచాడు. దర్బారులో మాటకు మాట అప్పజెప్పడమే అతని కొలువు.

"ప్రభూ, కొట్టించేముందు ఆ రేవుపాడులో ఒక పూట భోంచేసి వద్దాం. రాజుగారు మధ్యాహ్న భోజనానికి వస్తున్నారని బురుజుల మీద కబురు పంపించండి. మనం మారువేషాల్లో నా గూడుబండిలో వెనకే వెళదాం. మంత్రిగారూ రావాలి."

మంత్రిగారు నవ్వారు. "వెలుతురుతో ఎడ్లబండికి పందెమా బయ్యనా?"

"పందెమెందుకండీ, భోజనానికేగా."

తెల్లవారగానే కోట బురుజు మీద వెలుతురు మెరిసింది. బండి కదిలింది. మంత్రిగారిని ఎవరూ గుర్తుపట్టకుండా ముఖానికి తలగుడ్డ చుట్టించారు. దారిలో నోరు విప్పవద్దని రాజాజ్ఞ.

రెండో బురుజు దగ్గర కావలివాడు తీరిగ్గా వక్క కొరుకుతున్నాడు.

"కోట మీద వెలుతురు చూడలేదా నాయనా?" అడిగాడు బయ్యన.

"చూడకేం? రాజుగారి పేరున్న కబురు. ఏ కబురైనా పైఅధికారి అనుమతి లేకుండా ముందుకు పంపకూడదు. ఆయనేమో కబుర్లు వేగంగా పంపడం ఎలాగో నేర్చుకోడానికి కోటకు వెళ్ళారు. వారంలో వస్తారు."

"ఈలోపు ఏరు పొంగితే?"

"పంపకపోతే అది ఏటి తప్పు. పంపితే నా తప్పు."

రాజుగారు మంత్రివైపు చూశారు. మంత్రిగారు తలగుడ్డ ఇంకాస్త బిగించుకున్నారు.

మూడో బురుజు మీద అద్దమే లేదు.

"ఉండేదండీ" అన్నాడు అక్కడి కావలివాడు. "ప్రారంభోత్సవం నాడు తెచ్చి నిలబెట్టారు. సాయంత్రం దండలు వాడకముందే తీసుకుపోయారు. మర్నాడు పక్క బురుజు ప్రారంభోత్సవం కదా, పాపం దానికీ కావాలి."

రాజుగారు పళ్ళు కొరికారు. ఆపైన ఏ బురుజు దగ్గర ఆగినా అదే కథ. దివిటీ ఉంది, దండలు తగిలించిన మేకులున్నాయి, అద్దం లేదు.

రేవుపాడు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఊళ్ళో తోరణం లేదు, ఎదురొచ్చినవాడూ లేడు. ఆకలితో రాజుగారి కడుపు నకనకలాడుతోంది. కోటప్ప ఈ బాటసారుల్ని చూసి, ఎవరని అడగకుండానే కాళ్ళకు నీళ్ళిచ్చాడు. జొన్న సంకటి, గోంగూర పచ్చడి వడ్డించాడు.

"పచ్చడి మెతుకులే పెడుతున్నాను, ఏమీ అనుకోకండి అయ్యా. ముందుగా కబురుంటే కోడిని కోసేవాళ్ళం" అన్నాడు. ఖాళీగా ఉన్న కొట్టంవైపు చూస్తూ మళ్ళీ అన్నాడు:

"ముందుగా కబురుంటే గేదెలూ దక్కేవి."

రాజుగారి చేతిలో ముద్ద అక్కడే ఆగింది. తలపాగా తీసి తానెవరో చెప్పారు. కోటప్ప దండం పెట్టబోతే చేయి పట్టుకుని ఆపారు. కొట్టుకుపోయిన ప్రతి గేదెకూ గేదెను ఇప్పిస్తానని మాటిచ్చి, మంత్రివైపు తిరిగారు.

"ఏమంటారు అమాత్యా?"

మంత్రిగారు తలగుడ్డ విప్పి గొంతు సవరించుకున్నారు. "పథకంలో లోపం లేదు ప్రభూ. వెలుతురు వేగం వెలుతురుదే. పనులు సాగుతున్నాయి. రెండేళ్ళు గడువిప్పిస్తే అన్ని బురుజులకూ అద్దాలు బిగిస్తాం."

"నువ్వు చెప్పు బయ్యనా, గడువివ్వమంటావా?"

"తప్పకుండా ఇవ్వండి ప్రభూ. అంత పెద్ద పని తొందరపెడితే చెడుతుంది. పనిని దగ్గరుండి చూసుకోడానికి వీలుగా, ఆ రెండేళ్ళూ మంత్రిగారి కాపురం ఇక్కడే పెట్టించండి. కోటప్ప కొట్టం ఖాళీగానే ఉంది, ఏటి ఒడ్డునే."

మంత్రిగారు ఏటివైపు చూశారు. ఎగువన కొండల మీద మబ్బు నల్లగా దిగుతోంది.

"అద్దాలు ఎప్పటికి బిగుస్తాయన్నారు?" అడిగారు రాజుగారు.

"ఎల్లుండికి ప్రభూ."

"మరి అనుమతి?"

"అనుమతి ఎందుకు ప్రభూ, ఏరు అడిగి పొంగుతుందా?"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. కోటప్పా నవ్వాడు. మారువేషం కింద దాచుకున్న ముత్యాల హారం తీసి బయ్యన మెడలో వేస్తూ, మంత్రిగారి సామాను మాత్రం ఆ సాయంత్రమే రేవుపాడుకు తరలించమన్నారు రాజుగారు.